లె ఆవ్ర్‌లో దిగి పారిస్ చూడటం ఎలా

ఫ్రాన్సు రాజధానిని ఒక్క పగటిలో సంపూర్ణంగా చూసి, సాయంత్రం ఓడలో వడ్డించే సూపు చల్లారకముందే తిరిగి రావచ్చని మెర్విన్ థాక్రే గారు నిరూపించబోతున్నారన్న సంగతి థార్న్‌బెక్ పురప్రజలకు ఆ చలికాలంలోనే తెలిసిపోయింది. తెలియనివారు ఎవరైనా మిగిలి ఉంటే అది ఆయన ప్రయత్నలోపం కాదు. మంగలి దుకాణంలో చెప్పారు. చర్చి మెట్ల మీద చెప్పారు. రక్తపోటు చూస్తున్న నర్సుకు చెబుతూ చెబుతూ ఆ రక్తపోటునే పెంచుకున్నారు.

థాక్రే గారు ఉద్యోగమంతా ఆ ఊరి బస్సులకు టైమ్‌టేబుళ్ళు రాయడంలో గడిపారు. యార్క్‌షైర్ మొత్తంలో అంత అందమైన టైమ్‌టేబుళ్ళు లేవని పేరు. బస్సులు వాటిని పాటించేవి కావు, అది వేరే విషయం. ఎవరైనా ఆ మాటెత్తితే "తప్పు బస్సులది" అనేవారు. రిటైరయ్యాక ఒక రోజు బస్టాపులో వానకు తడుస్తూ, "ఏ వెధవ రాశాడో ఈ టైములు" అన్నారు. పక్కన నిలబడ్డ భార్య డోరీన్ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆయనకు చాలా స్పష్టంగా వినిపించింది.

అలాంటి మనిషి చేతికి ఓడ ప్రయాణం చిక్కింది. సౌతాంప్టన్‌లో 'లేడీ సెరాఫినా' అనే ఓడ ఎక్కితే, ఫ్రాన్సు తీరం వెంట రేవు రేవునా ఆపుకుంటూ తీసుకెళ్తారు. మొదటి రేవు లె ఆవ్ర్. ఓడవాళ్ళ రంగుల పుస్తకంలో మాత్రం ఆ రేవు పేరు పారిస్ అని పెద్ద అక్షరాల్లో ఉంది. లె ఆవ్ర్ అన్న పేరు దాని కింద చీమ తలకాయంత ఉంది. రెండింటికీ మధ్య ఉన్న రెండు వందల కిలోమీటర్ల దూరం ఏ సైజు అక్షరాల్లోనూ లేదు.

పారిస్ చూడదలచినవారిని ఓడవాళ్ళే బస్సులెక్కించి తీసుకెళ్తారు. ఆ బస్సులంటే థాక్రే గారికి చెడ్డ చిరాకు. ఛాతీకి నంబరు అంటించుకుని, ఎవరో ఎత్తిన గొడుగు వెనక మందలా నడవడం ఆలోచన గల మనిషికి తగదని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని అదే ఓడలో వెళ్ళబోయేవారు ఇంటర్నెట్టులో పెట్టుకున్న బృందంలో సవివరంగా రాశారు. అక్కడ రోజూ ఎవరో ఒకరు "లె ఆవ్ర్ నుంచి పారిస్‌కు నడిచి వెళ్ళొచ్చా?" అని అడుగుతూ ఉండేవారు. థాక్రే గారు రోజూ జవాబు చెప్పేవారు. ప్రశ్న అడిగేవాళ్ళు తెలియనివాళ్ళు కావచ్చు, జవాబు చెప్పేవాడు తెలిసినవాడే అయి ఉంటాడని జనం నమ్ముతారు. ఆయన ఫ్రాన్సులో ఎప్పుడూ అడుగుపెట్టలేదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మంచు కరిగేసరికి ఆయనకు అనుచరులు ఏర్పడ్డారు.

ఈ మేధోశ్రమకు వేదిక వాళ్ళింటి భోజనాల బల్ల. దాని మీద పటాల రూపంలో పారిస్ పరిచి ఉండటంతో, డోరీన్ చలికాలమంతా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నది. ఒకరోజు బంగాళాదుంప నంజుకుంటూ అడిగింది.

"మెర్విన్, లె ఆవ్ర్‌లో సోలాంజ్ ఉంది కదా."

"ఏ సోలాంజ్?"

"నా సోలాంజ్. బళ్ళో ఉన్నప్పటి నుంచి ఉత్తరాలు రాసుకుంటున్నామే, ఆ సోలాంజ్. భోజనానికి రమ్మంది. మేం ఇప్పటివరకు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు."

బడిపిల్లలుగా ఉన్నప్పుడు టీచరమ్మ కలిపిన కలం స్నేహం అది. ఒకసారి వెళ్దామనుకునేసరికి డోరీన్ తండ్రి జబ్బుపడ్డాడు. ఇంకోసారి సోలాంజ్‌కు కవల పిల్లలు పుట్టారు. తర్వాత ఇద్దరూ వెళ్దామనుకోవడం మానేసి, రాసుకోవడం మాత్రం మానలేదు.

థాక్రే గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, పసిపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పారు. "లె ఆవ్ర్ చూడటానికి లె ఆవ్ర్ ఎవరూ వెళ్ళరు డోరీన్. అది దిగడానికి ఉన్న ఊరు."

"ఆవిడ అక్కడే ఉంటోంది మరి."

"సరే, నేనేం రాక్షసుణ్ణి కాను. ఓడ దిగి స్టేషనుకు నడిచే దారిలో కాస్త వెసులుబాటు ఉంది. ఆవిణ్ణి రేవు గేటు దగ్గరికి రమ్మను. కావిలించుకోండి. ఒక ఫోటో కూడా నేనే తీస్తాను."

ఆ రాత్రే ప్రణాళికలో 'స్నేహం' అని ఒక గడి గీసి, దానికి లేత గులాబీ రంగు వేశారు. తన ఔదార్యానికి తానే కొంచెం కరిగిపోయారు కూడా. డోరీన్ పళ్ళెం కడిగి పడుకుంది.

ఓడ బయలుదేరిన రోజు మధ్యాహ్నం నాటకశాలలో యాత్రల విభాగాధిపతి ఉపన్యాసం ఏర్పాటైంది. నున్నగా దువ్విన తలా, ఎప్పుడూ తగ్గని చిరునవ్వూ ఉన్న యువకుడు.

"మాన్య అతిథులారా, మీ స్వేచ్ఛే మా ధ్యేయం. మీరు మా బస్సులో రావచ్చు, సొంతంగానూ వెళ్ళవచ్చు. మా బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు ఆలస్యమైతే ఓడ బయలుదేరుతుంది. అప్పుడు పైడెక్కు మీద ఉన్న తోటి అతిథులు మీకు చేతులు ఊపే సదుపాయం కూడా ఉంది. అది ఉచితం."

సభ హర్షధ్వానాలు చేసింది. థాక్రే గారు మాత్రం లేచి, కొంతమందికి జనం భయమే పెట్టుబడిగా పనికొస్తుందని గట్టిగా అని, బయటికి నడిచారు. ఆయన వెనకే డజను మంది లేచి నడిచారు. వాళ్ళే అనుచరులు. వాళ్ళలో ముఖ్యుడు రోడ్నీ ఫాస్‌డైక్, లీడ్స్‌లో పళ్ళ డాక్టరుగా చేసి మానేసినవాడు. జనం నోరు తెరిచి తన మాట వినడం అలవాటైన మనిషి, ఇప్పుడు ఎవరూ తెరవకపోవడంతో దిగులుగా ఉండేవాడు. ఇంకొకరు ఆడ్రీ పిమ్లాట్ అనే పెద్దావిడ. భర్త పోయాక ఏటా ఓడెక్కుతుంది. ఒక మోకాలు సొంతం, రెండోది కొత్తది.

"థాక్రే గారూ, నాకు ఏ ఊరైనా ఒకటే నాయనా," అందావిడ. "ఎవరో ఒకరు 'ఇటు రండి' అంటే చాలు. ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు లేరు."

మందలో కలవడం ఇష్టంలేని ఆ స్వతంత్రులందరికీ తప్పిపోకుండా ఉండటం కోసం థాక్రే గారు పసుపు టోపీలు పంచారు. దూరానికి కనబడటం కోసం తాను మాత్రం గొడుగు పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున లె ఆవ్ర్‌లో ఓడ ఆగింది. పలహారశాలలో "దయచేసి ఆహారం బయటికి తీసుకెళ్ళవద్దు" అన్న బోర్డు కింద నిలబడి, అందరూ పద్ధతి ప్రకారం రొట్టె ముక్కలూ, ఉడికించిన గుడ్లూ రుమాళ్ళలో చుట్టి సంచుల్లో దాచుకున్నారు. మెట్లు దిగి రేవు గేటు దగ్గరికి వచ్చాక థాక్రే గారు గొడుగెత్తి తలలు లెక్కపెట్టారు. ఒక తలకు టోపీ లేదు. అది డోరీన్ తల.

"టోపీ ఏదీ?"

"నేను రావట్లేదు మెర్విన్. సోలాంజ్ దగ్గరికి వెళ్తున్నాను."

"ఆవిడ ఇక్కడికే వస్తుందిగా. గడి ఉంది."

"గేటు దగ్గరికి రావద్దని ఆవిడకు నేనే చెప్పాను. మొదటిసారి చూడబోయే మనిషిని గేటు దగ్గర నిలబెట్టి పంపించేస్తానా? ట్రాము దిగగానే ఇల్లట."

"మరి పారిస్ రైల్లో నీ సీటు?"

"ఆడ్రీ సంచి పెట్టుకుంటుంది."

అనుచరులు సముద్రం వైపు చూడసాగారు. థాక్రే గారికి ఏదో అనాలనిపించింది. అనదగ్గ మాట ఒక్కటే తట్టింది. "ఫోను ఆపేసి ఉంచు. విదేశంలో వాడితే బిల్లు వాచిపోతుంది."

"ఆపేశాను," అని డోరీన్ చేతిసంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమె అంత చకచకా నడవగలదని ఆయనకు అంతవరకు తెలియదు. ఎప్పుడూ ఆయనకంటే ఒక అడుగు వెనకే ఉండేది కాబట్టి చూసే వీలు కలగలేదు.

బృందం స్టేషను చేరింది. స్టేషను అద్భుతంగా ఉంది. శుభ్రంగా, ప్రశాంతంగా, ఒక్క రైలు కూడా లేకుండా ఉంది. గేటు దగ్గర టీ తాగుతున్న ఉద్యోగి ఒకాయన మర్యాదగా లేచి, రైల్వే సమ్మె మొదలైందని చెప్పాడు.

"ఎప్పుడు మొదలైంది?" అన్నారు థాక్రే గారు.

"చెప్పిన టైముకే అండీ."

జీవితమంతా ఒక్క బస్సైనా చెప్పిన టైముకు బయలుదేరితే చూడాలని ఎదురుచూసిన మనిషికి ఆ మాట సూటిగా తగిలింది. టోపీ తీసి నమస్కరించాలన్నంత గౌరవం కలిగింది.

ఇక్కడ ఆగిపోయి ఉంటే ఆయన మామూలు మనిషి అయ్యేవారు. కానీ నాయకుడు. రోడ్నీ ఫాస్‌డైక్ "ఇప్పుడెలా?" అని అడగగానే, "దీనికీ ఏర్పాటుంది" అన్నారు. ఏర్పాటేమీ లేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనే ఆసక్తిగా విన్నారు. అదృష్టమో దురదృష్టమో, స్టేషను బయట ఒక వ్యాను ఉంది. డ్రైవరు పారిస్ అనగానే పెదవి విరిచి, రెట్టింపు అనగానే తలుపు తీశాడు. పారిస్ వెళ్ళే రైళ్ళన్నీ ఆగినప్పుడు జనమంతా రోడ్డెక్కుతారన్న ఆలోచన, టైమ్‌టేబుళ్ళ శాఖలో అన్నేళ్ళు పనిచేసిన బుర్రకు రాలేదు.

రోడ్డు నిండా కార్లే. సమ్మెకు మద్దతుగా రైతులు ట్రాక్టర్లు కూడా ఎక్కించారు. ఒక ట్రాక్టరు మీద కూర్చున్న అబ్బాయి ఆపిల్ తింటూ చాలాసేపు వీళ్ళ వ్యానుకు పక్కనే వచ్చాడు. తర్వాత దాటి వెళ్ళిపోయాడు.

థాక్రే గారు ముందు సీట్లో కూర్చుని, ప్రణాళికలోంచి ఒక్కొక్కటే తీసేస్తూ ప్రకటించసాగారు. మొదట మ్యూజియం పోయింది. "లోపలంతా జనమే, మనకెందుకు." తర్వాత పడవ షికారు పోయింది. "ఓడ దిగి పడవెక్కడమేమిటి." ఆ తర్వాత కొండ మీది చర్చి పోయింది. "ఆడ్రీ గారి మోకాలికి మెట్లు మంచివి కావు." ఒక్కొక్కటి పోతున్నకొద్దీ ఆయన గొంతులో ఉత్సాహం పెరిగింది. చివరికి పారిస్ కూడా పోయింది. డ్రైవరు వ్యానును హైవే పక్కన ఒక పెట్రోలు బంకులోకి తిప్పి, ఇంజను ఆపి, ఇక్కణ్ణించి వెనక్కి తిరిగితేనే ఓడ అందుతుందని చెప్పాడు.

బంకుకు ఆనుకుని కాఫీ హోటలుంది. పారిస్ చేరనివాళ్ళ దిగులు పోగొట్టడానికో ఏమో, దాని గోడంతా ఈఫిల్ టవరు బొమ్మ అతికించి ఉంది. నీలాకాశం, పూలచెట్లు, అన్నీ ఉన్నాయి. స్వతంత్రులు పసుపు టోపీలతో దాని కింద కూర్చుని ఉడికించిన గుడ్లు ఒలుచుకున్నారు.

రోడ్నీ ఫాస్‌డైక్ గుడ్డు నములుతూ గోడను కాసేపు పరీక్షగా చూశాడు. లేచాడు. టోపీ తీసి జుట్టు సర్దుకున్నాడు.

"థాక్రే గారూ, ఒక ఫోటో తీస్తారా? ఆ ఐస్‌క్రీము డబ్బా రాకుండా."

"ఇది బొమ్మ కదా రోడ్నీ."

"అక్కడికి వెళ్ళినా ఫోటోలో వచ్చేది బొమ్మే కదండీ."

ఈ తర్కానికి ఎదురులేక ఆయన ఫోటో తీశారు. తర్వాత మిగతావాళ్ళు వరుస కట్టారు. అందరూ తృప్తిపడ్డారు. ఆడ్రీ పిమ్లాట్ ఒక్కతే ఫోటో వద్దంది. "ఎవరికి చూపించను నాయనా," అని, ఆయన పక్కన కూర్చుని కాఫీ కప్పు ముందుకు జరిపింది. "మీ ఆవిడ ఎక్కడికెళ్ళింది?"

"స్నేహితురాలి ఇంటికి."

"ఎక్కడ ఇల్లు?"

థాక్రే గారు జవాబు చెప్పబోయి ఆగారు. పారిస్‌లో ఏ మెట్రో స్టేషనులో ఏ తలుపు దగ్గర నిలబడితే ఎస్కలేటరు ఎదురుగా వస్తుందో ఆయనకు తెలుసు. సోలాంజ్ ఇంటిపేరేమిటో తెలియదు. వీధి తెలియదు. డోరీన్ చెప్పే ఉంటుంది. చాలాసార్లే చెప్పి ఉంటుంది. చెబుతున్నప్పుడు తాను బల్ల మీద పారిస్‌లో ఉన్నారు.

"ట్రాము దిగగానేనట," అన్నారు చిన్నగా.

"ఏ స్టాపులో?"

ఆయన కాఫీ కలుపుతూ ఉండిపోయారు. "మా ఆయనా అంతే. నాకు మిరియాలు పడవని ఆఖరిదాకా తెలియదు," అంది ఆడ్రీ.

తిరుగుదారిలో ట్రాఫిక్కు మరీ ముదిరింది. వ్యాను రేవు చేరేసరికి ఓడ బయలుదేరే వేళ దాదాపు అయిపోయింది. టోపీలన్నీ పరుగు పరుగున మెట్లెక్కాయి. థాక్రే గారు కింద ఉన్న అధికారిని, తన భార్య ఎక్కిందా అని అడిగారు. అతను తన యంత్రంలో చూసి, ఎక్కలేదన్నాడు.

ఫోను చేశారు. ఆపేసి ఉంది. ఆపేయమన్నది ఎవరో ఆయనకు బాగా గుర్తుంది.

"మీరు పైకి వెళ్ళండి సార్, టైమవుతోంది," అన్నాడు అధికారి.

"టైముల సంగతి నాకు చెప్పకు బాబూ. నేనూ రాసినవాణ్ణే." ఆయన గొడుగు నేలకు ఆనించి, రేవు మీదున్న తాడు చుట్టే దిమ్మ మీద కూర్చున్నారు. "ఆమె రాకుండా నేను ఎక్కను."

"ఓడ ఆగదు సార్."

"ఆగొద్దు. చేతులు ఊపే సదుపాయం ఉందటగా. ఊపమను."

పైడెక్కు మీద జనం మూగారు. కొందరు ఫోన్లు పైకెత్తారు. ఆలస్యమైనవాళ్ళు రేవు మీద పరుగెత్తడం చూడటమంటే ఓడ జనానికి సాయంత్రపు వినోదం. పరుగెత్తకుండా కూర్చున్నవాణ్ణి చూడటం వాళ్ళకు కొత్త. ఆయన తలెత్తలేదు. డోరీన్ రోడ్డు దాటుతూ పడిపోయిందేమో. ఊరు తెలియక దారి తప్పిందేమో. అంతకంటే భయపెట్టిన ఆలోచన ఇంకొకటి ఉంది. హాయిగా కూర్చుని, రావాలనిపించక అక్కడే ఉండిపోయిందేమో. ఆమె స్థానంలో తానైతే అదే చేసేవాణ్ణని ఆయనకు నిజాయితీగా అనిపించింది.

ఓడ బయలుదేరే వేళ దాటింది. ఓడ కదల్లేదు. ఇంకాసేపు అయింది. అయినా కదల్లేదు. అప్పుడు గేటు వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు చేయీ చేయీ పట్టుకుని, అంగడి నుంచి వస్తున్నంత తాపీగా నడిచి వచ్చారు. ఒకరు డోరీన్. రెండో ఆవిడ సన్నగా, పొడుగ్గా, తెల్లజుట్టుకు ఎర్రరుమాలు కట్టుకుని ఉంది.

"ఏంటి మెర్విన్, ఇక్కడ కూర్చున్నావు? దిమ్మ చల్లగా లేదూ?"

"ఓడ వెళ్ళిపోతుందే బాబూ," అన్నారాయన. గొడుగు ఊతగా లేచారు.

"ఎక్కడికెళ్తుంది? ఓడవాళ్ళ బస్సులన్నీ రోడ్డు మీదే ఇరుక్కున్నాయట. రేడియోలో చెప్పారు. అవి వచ్చేదాకా ఆగుతుందిగా. అందుకే ఇంకొంచెం ఆపిల్ టార్ట్ తిని వచ్చాం."

తెల్లజుట్టు ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, కూడబలుక్కున్న ఇంగ్లీషులో అంది. "మీరేనా మెర్విన్? మీ పెళ్ళయినప్పటి నుంచీ మీ గురించి చదువుతున్నాను."

"బాగానే రాసిందా?"

"ఓపిగ్గా రాసింది."

థాక్రే గారు నవ్వారు. ఆ రోజంతా ఆయన పెట్టిన మొహాల్లో అదొక్కటే నిజమైనది. ఆ తర్వాత ఎన్నడూ ఏ ప్రణాళికలోనూ లేని ప్రశ్న ఒకటి అడిగారు. "మీ ఇంటిపేరేమిటండీ?"

"లెకూవ్రర్," అంది సోలాంజ్. ఆయన రెండుసార్లు తప్పుగా పలికి, మూడోసారికి పట్టుకున్నారు.

ఓడవాళ్ళ బస్సులు చీకటి పడబోతుండగా వచ్చాయి. వాటిలోనివారు పారిస్‌ను కిటికీలోంచి ఆసాంతం చూశామని, ఒక చోట మూత్రానికి కూడా దిగామని గర్వంగా చెప్పారు. ఆ రాత్రి భోజనాల దగ్గర రోడ్నీ ఫాస్‌డైక్ ఫోటో బల్ల బల్లకూ తిరిగింది. బస్సుల్లో వెళ్ళినవారి ఫోటోల్లో టవరు మబ్బుల్లో సగం మునిగి ఉంది. నీలాకాశంతో వచ్చింది పసుపు టోపీలవాళ్ళకే. "సొంతంగా వెళ్తే ఎండ కూడా బాగుంటుంది," అని జనం చెప్పుకున్నారు.

ఇంటికి వచ్చాక థార్న్‌బెక్ విశ్రాంత ఉద్యోగుల సంఘంవారు థాక్రే గారిని పిలిచి, 'ఒక్క రోజులో పారిస్' అనే అంశంపై ప్రసంగించమన్నారు. హాలు కిటకిటలాడింది. ఆయన లేచి, ఉన్నదున్నట్టు చెప్పారు. తాను పారిస్ చూడలేదన్నారు. చలికాలమంతా పాడుచేసుకున్నానని, తన భార్య మాత్రం ఫ్రాన్సును నిజంగా చూసి వచ్చిందని, అది ఒక వంటింట్లో, కిటికీ పక్కన, మీగడ వేసి వండిన నత్తగుల్లల గిన్నె ముందు ఉందని అన్నారు. తన మూర్ఖత్వాన్ని ఏ వివరమూ వదలకుండా వర్ణించారు. అంత బాగా ఆయన ఏ టైమ్‌టేబులూ రాయలేదు. వెనక వరుసలో కూర్చున్న డోరీన్ కళ్ళు తుడుచుకుంది.

అధ్యక్షురాలు లేచి, వక్త గారు పారిస్ నగరాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించారని కొనియాడారు. తర్వాత ప్రశ్నలు ఆహ్వానించారు.

"ఆ పెట్రోలు బంకు ఏ రోడ్డు మీద వస్తుందండీ?" అన్నాడొకాయన.

"అక్కడ బాత్రూములు శుభ్రమేనా?" అంది ఇంకొకావిడ.

థాక్రే గారు ఒక క్షణం తటపటాయించారు. కానీ జీవితంలో మొదటిసారి జనం ఆయనకు నిజంగా తెలిసిన దారి అడుగుతున్నారు. రోడ్డు నంబరు చెప్పారు. మలుపు చెప్పారు. ఫోటోకు ఎటువైపు నిలబడాలో చేతులతో చూపించారు. హాలంతా పెన్నులు గీకిన చప్పుడు.

చివరికి ముందు వరుసలో ఒక పెద్దమనిషి చెయ్యెత్తాడు. "ఆ సోలాంజ్ గారి గురించి ఒక ప్రశ్న."

థాక్రే గారి మొహం వికసించింది. ఒక్కరికైనా అర్థమైంది. "అడగండి."

"వచ్చే వసంతంలో మా సంఘం అదే ఓడలో వెళ్తోంది. ఒక ముప్ఫైమందిమి ఉంటాం. ఆవిడ భోజనం పెడుతుందా? మాలో కొందరికి నత్తగుల్లలు పడవు."

అందరూ పెన్నులు సిద్ధం చేసుకున్నారు. థాక్రే గారు వెనక వరుస వైపు చూశారు. డోరీన్ లేచి నిలబడింది.

"ఆ రోజు సోలాంజ్ ఊళ్ళో ఉండదండీ," అంది మర్యాదగా.

"ఏ రోజు? మేమింకా తేదీ చెప్పనేలేదే."

"చెప్పండి. ఆ రోజే ఉండదు."

పెద్దమనిషి అర్థమైనట్టు తలూపి, ఆ మాట జాగ్రత్తగా రాసుకుని, కింద గీత గీసి, తలెత్తాడు.

"పోనీ, ఆ మర్నాడు?"